మెడకు తగలదు, సరే. మరి పొట్ట సంగతి? పిల్లల సీట్ బెల్ట్ అడ్జస్టర్ రివ్యూ

ఐదుకి ఒకటి ఇస్తున్నాను. ఆ ఒక్కటి కూడా కుట్టుపనికి. దారాలు ఎక్కడా ఊడలేదు, బటన్లు గట్టిగా ఉన్నాయి, ఉతికినా రంగు పోలేదు. వస్తువు బాగానే తయారుచేశారు, అది చేసే పనే తప్పు.

కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇదే ముక్కను పది పేర్లతో పది రంగుల్లో అమ్ముతున్నారు, పేరు ఏదైనా పని ఒకటే. మీరు కూడా చూసే ఉంటారు. అరచేతి కంటే కాస్త పెద్దగా మూడు మూలల మెత్తటి గుడ్డ, లోపల స్పాంజి, వెనకాల ప్రెస్ బటన్లతో రెండు పట్టీలు. పై పట్టీలో భుజం మీదుగా వచ్చే బెల్టు, కింది పట్టీలో ఒడి మీదుగా పోయే బెల్టు దూర్చి బటన్లు నొక్కితే రెండు బెల్టులూ దగ్గరికొస్తాయి, పిల్లల మెడకి ఒరుసుకునే బెల్టు కిందికి దిగుతుంది. పెట్టడానికి పది సెకన్లు కూడా పట్టదు. బొమ్మలో ఒక పాప నవ్వుతూ నిద్రపోతూ ఉంటుంది.

దీన్ని కొన్నది నేను కాదు, మా చెల్లెలు. ఏడేళ్ళ మేనకోడలు కారెక్కితే చాలు, బెల్టు మెడకి గుచ్చుకుంటోందని గోల. పిల్లల్ని కాస్త ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టర్ సీటు మీద కూర్చోవే అంటే అది చిన్నపిల్లలదట, తను పెద్దదైపోయిందట. వాళ్ళమ్మ విసిగిపోయి ఇది తెప్పించింది, తెప్పించాక ఎందుకో అనుమానం వచ్చి "అన్నయ్యా, నువ్వు డాక్టరువే కదా, ఒకసారి చూసి చెప్పు" అంది. డాక్టరునే. కాకపోతే నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కడ నొప్పి ఉందో చెప్పలేరు. నా సబ్జెక్టు ఫోరెన్సిక్ మెడిసిన్, రోజూ చేసేది పోస్టుమార్టం. రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళని చూడని వారం నాకు గుర్తులేదు. అందుకే ఈ రివ్యూ కాస్త వేరేగా ఉంటుంది, భోజనం ముందు చదవకపోతే మంచిది.

ముందు కారు ఆపి ఉంచి చేసిన పరీక్ష చెప్తాను. మేనకోడలి ఎత్తు 120 సెంటీమీటర్లు. ఈ గుడ్డ ముక్కని క్లిప్ అందాం, ముందు అది లేకుండా వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. పై బెల్టు నిజంగానే మెడ పక్కన ఒరుసుకుంటోంది, పిల్ల అబద్ధం చెప్పలేదు. కింది బెల్టు తొడల మొదట్లో ఉండాల్సింది కాస్త పైకి, పొత్తికడుపు అంచున ఉంది. అంటే క్లిప్ పెట్టకముందే పరిస్థితి అంతంత మాత్రం. తర్వాత క్లిప్ తగిలించాను. పై బెల్టు మెడ వదిలి భుజం చివరికి పోయింది, ఇంకో రెండు వేళ్ళు జరిగితే చేతి మీదికి వచ్చేసేది. కింది బెల్టేమో మధ్యలో గుడారంలా పైకి లేచి సరిగ్గా బొడ్డు మీద కూర్చుంది. వేళ్ళు పెట్టి కొలిచాను, నా నాలుగు వేళ్ళ వెడల్పు పైకి వచ్చింది. దానికి తోడు క్లిప్ దగ్గర బెల్టు వంకర తిరిగింది. లాగి చూస్తే ఆ వంకరలో దాగిన వదులంతా చేతిలోకి వచ్చింది.

"ఇప్పుడు బావుంది మామయ్యా" అంది పిల్ల. పాపం దానికి బాగానే ఉంది. ఆగి ఉన్న కార్లో ఎవరికైనా బాగానే ఉంటుంది.

బెల్టు ఎక్కడ ఉండాలన్నది ఊరికే పెట్టిన రూలు కాదు. ఇప్పుడు మనం వాడే మూడు చోట్ల బిగించే బెల్టు 1959లో వోల్వోలో వచ్చింది, చేసినాయన నిల్స్ బోలిన్. అంతకు ముందు ఆయన యుద్ధవిమానాల్లోంచి పైలట్ బయటికి ఎగిరే సీట్ల మీద పనిచేశాడు, అంటే మనిషి శరీరాన్ని ఒక్కసారిగా కుదిపితే ఏం తట్టుకుంటుంది ఏం తట్టుకోదు అన్నది బాగా తెలిసినవాడు. ఆయన ఆలోచన చాలా సింపుల్. పైన భుజం ఎముకనీ ఛాతీ గూడునీ పట్టుకో, కింద తుంటి ఎముకల్ని పట్టుకో, మధ్యలో మెత్తగా ఉన్నదాని జోలికి పోకు. వోల్వో ఆ పేటెంటుని దాచుకోకుండా మిగతా కంపెనీలనూ వాడుకోనిచ్చింది. ఇన్నేళ్ళలో కార్లో మిగతావన్నీ మారిపోయాయి కానీ ఈ అమరిక మాత్రం పెద్దగా మారలేదు.

ఇప్పుడు మీ నడుము కింద రెండు పక్కలా చేయి పెట్టి చూడండి. ముందుకి పొడుచుకొచ్చిన రెండు ఎముక మొనలు తగులుతాయి. కింది బెల్టు వాటికి కిందుగా, తొడలు మొదలయ్యే మడతలో ఉండాలి. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడని కొట్టి ఆగిపోవడమంటే సుమారు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు నుంచి కింద పడటంతో సమానం. ఆ బరువంతా ఐదు సెంటీమీటర్ల వెడల్పు కూడా లేని పట్టీ మీద పడుతుంది. తుంటి ఎముక దాన్ని మోస్తుంది, మహా అయితే విరుగుతుంది. బొడ్డు మోయదు. పట్టీ లోపలికి దిగబడి, పేగుల్నీ క్లోమాన్నీ వెనకాల వెన్నుపూసకేసి నొక్కేస్తుంది. ముందు నుంచి బెల్టు, వెనక నుంచి వెన్నెముక, మధ్యలో ఇవి.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయమూ కాదు. వెన్నుపూస అడ్డంగా రెండుగా చీలిపోయే ఒక రకం ఫ్రాక్చర్‌ని 1948లోనే ఛాన్స్ అనే రేడియాలజిస్టు రాసిపెట్టాడు, ఈరోజుకీ దాన్ని ఛాన్స్ ఫ్రాక్చర్ అనే అంటాం. ఆ తర్వాత కార్లలో ఒడి మీద మాత్రమే ఉండే బెల్టులు వచ్చాయి. ప్రమాదం జరిగినప్పుడు పై శరీరం కత్తిలా మడత పడి, సరిగ్గా అలాంటి వెన్నుపూసలూ వాటితో పాటు చిట్లిన పేగులూ కనపడటం మొదలైంది. 1962లో గారెట్, బ్రాన్‌స్టీన్ దానికి సీట్ బెల్ట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. పొట్ట మీద అడ్డంగా కమిలిన చార, లోపల పేగు గాయం, వెనక వెన్ను గాయం, మూడూ కలిస్తే అది. ఈ క్లిప్ చేసేది ఏమిటయ్యా అంటే, మంచి బెల్టుని తీసుకుని ఆ పాత బెల్టు పొజిషన్‌లో పెట్టడం. డబ్బులిచ్చి మరీ వెనక్కి వెళ్ళడం.

నేను చూసేది చెప్తాను. రోడ్డు మీద పోయినవాళ్ళలో ఎక్కువగా తల గాయాలు, ఆ తర్వాత ఛాతీ గాయాలు ఉంటాయి. పొట్ట ఒక్కటే దెబ్బతిని పోయినవాళ్ళు తక్కువ, మామూలుగా మిగతావాటితో కలిసే ఉంటుంది. అయినా పొట్ట గాయంతో పోయినవాళ్ళని చూసినప్పుడే నాకు ఎక్కువ బాధేస్తుంది, ఎందుకంటే వీళ్ళలో చాలామందికి టైమ్ ఉండి ఉంటుంది. తల పగిలినవాడికి చాలాసార్లు ఆ క్షణమే ఆఖరు. పొట్టలో రక్తం కారి పోయినవాడు కారు దిగి ఉండొచ్చు, ఫోన్ చేసి ఉండొచ్చు, నాకేం కాలేదు అని అవతలివాడితో గొడవ కూడా పెట్టుకుని ఉండొచ్చు.

బయటికి ఏమీ కనపడదు. ఇది నాకు కొత్తలో నమ్మశక్యం కాలేదు. పొట్ట చర్మం సాగుతుంది, దాని కింద అడ్డంగా ఎముక లేదు, కాబట్టి దెబ్బ పైన గుర్తు వదలకుండా లోపలికి దూరిపోతుంది. ఒక్కోసారి బొడ్డు కింద బెల్టు నేత గుర్తులతో సన్నటి ఎర్రటి గీత ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. కోసి తెరిస్తే పొట్ట నిండా రక్తం. మేం దాన్ని గరిటెతో తోడి జగ్గులో కొలుస్తాం, లీటరున్నర, రెండు లీటర్లు వస్తుంది. అంతా తోడాక లివర్ కనపడుతుంది, ఎండిన చెరువులో నెర్రెలిచ్చినట్టు పైన చీలికలు. కుడి పక్కటెముకల కింద కిలోన్నర బరువుండే అవయవం అది, చూడ్డానికి గట్టిగా కనిపిస్తుంది కానీ చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది, పైన పల్చటి పొర, లోపలంతా రక్తంతో తడిసిన స్పాంజి లాంటిది. పోస్టుమార్టం బల్ల మీద పొట్టలో ఎక్కువగా పగిలి కనిపించేది ఇదే. దాని తర్వాత ఎడమ పక్కన స్ప్లీన్, తెలుగులో ప్లీహం అంటారు, గుప్పెట్లో పట్టేంత, 150 గ్రాములు ఉంటుందేమో, అది చిట్లితే చాలు మనిషి పోవడానికి.

పేగుల కథ వేరు. అవి వెంటనే చంపవు. చిన్న చిల్లు పడితే లోపలున్నది కొంచెం కొంచెం కారి రెండు మూడు రోజులకి పొట్టంతా చీము పట్టి, ఆసుపత్రిలో ఉండగా పోయేవాళ్ళుంటారు. పేగుల్ని వీపుకి పట్టి ఉంచే పొర చిరిగితే దాంట్లోని రక్తనాళాలూ తెగుతాయి, అప్పుడు మళ్ళీ రక్తమే. ఇంకొకటి చెప్పాలి, మూత్రాశయం. ఖాళీగా ఉంటే తుంటి ఎముకల వెనకాల భద్రంగా దాక్కుని ఉంటుంది. నిండుగా ఉంటే పైకి ఉబ్బి, దెబ్బ తగలగానే దాని పైభాగం నీళ్ళ బెలూన్‌లా పగులుతుంది. దూర ప్రయాణంలో ఇంకో గంట ఆపుకుందాంలే అనుకునేవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే, ఇంట్లో వాళ్ళకి నా సబ్జెక్టు మీద విసుగు రావడానికి కారణమూ ఇదే.

పిల్లల దగ్గరికి వస్తే ఇదంతా ఇంకో మెట్టు కష్టం. పెద్దవాళ్ళకి బెల్టు పైకి జారకుండా ఆపే ఆ ఎముక మొనలు పిల్లలకి పదేళ్ళ వరకూ సరిగ్గా ఎదగవు. కొక్కెం లేని గోడకి చొక్కా తగిలించినట్టే, బెల్టు దానంతట అదే పైకి జారుతుంది. పైగా పిల్లల పక్కటెముకలు మెత్తన, లివరూ స్ప్లీనూ పెద్దవాళ్ళకంటే ఎక్కువ బయటికి ఉంటాయి, పొట్ట కండ పల్చన. వీటికి తోడు కాళ్ళు నేలకి అందక, మోకాళ్ళు సీటు అంచు మీద మడతపడటానికి పిల్లలు ముందుకి జారి కూర్చుంటారు. చూడండి కావాలంటే, ప్రతి పిల్లా అలాగే కూర్చుంటుంది. అలా జారి కూర్చున్నప్పుడు బ్రేక్ పడితే శరీరం బెల్టు కింద నుంచి ముందుకి దూరిపోతుంది, బెల్టు పొట్ట మీదికి ఎక్కుతుంది. బెల్టు దానంతట అదే ఎక్కడానికి చూస్తుంటే, మనమే క్లిప్ పెట్టి ముందే ఎక్కించి కూర్చోబెడుతున్నాం.

మిగతా రివ్యూలు కూడా చదివాను. చాలావరకు ఐదు స్టార్లే. "మా బాబు హాయిగా పడుకుంటున్నాడు", "పిల్లలు ఇప్పుడు బెల్టు వద్దనడం లేదు", "కలర్ సూపర్". ఎవరూ అబద్ధం రాయలేదు. బెల్టే వద్దని ఏడ్చే పిల్ల ఈ ముక్క వల్ల బెల్టు పెట్టుకుంటోంది కదా అని ఒకామె రాసింది, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నేను కాసేపు ఆగాను. నిజమే, అసలు బెల్టే లేకుండా ముందు సీటుకో అద్దానికో ఎగిరిపడటం కంటే ఏ బెల్టయినా నయం. బెల్టు వల్ల ముందు సీట్లో వాళ్ళు చనిపోయే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, నా బల్ల దగ్గర నుంచి చూసినా ఆ మాటకి తిరుగులేదు. ఇదంతా చదివి బెల్టు వల్లే పొట్ట పగులుతుందట అని ఎవరైనా బెల్టు తీసేస్తే, ఈ రివ్యూ రాసినందుకు నన్ను నేను తిట్టుకోవాలి. బెల్టు తప్పు కాదు, దాన్ని చోటు మార్చిన ముక్క తప్పు.

మరి మెడకి గుచ్చుకునేదానికి ఏం చేయాలి? మెడ దగ్గరున్న బెల్టుని కిందికి లాగడానికి బదులు పిల్లని పైకి లేపాలి. బూస్టర్ సీటు చేసేది అంతే. మా చెల్లెలు అటక మీద పడేసిన పాత బూస్టర్నే దించి అదే కార్లో అదే పిల్లని కూర్చోబెట్టాను. పై బెల్టు మెడకీ భుజం చివరికీ సరిగ్గా మధ్యలోకి వచ్చింది. కింది బెల్టు బూస్టర్‌కి రెండు పక్కలా ఉన్న కొమ్ముల్లాంటి వాటి కింద నుంచి పోయి తొడల మీద పడుకుంది, పైకి లాగినా రాలేదు. ఆ కొమ్ములు చేతులు పెట్టుకోవడానికి అనుకునేవాణ్ణి ఒకప్పుడు, అసలు పని బెల్టుని కిందికి పట్టి ఉంచడం. మోకాళ్ళు సీటు అంచు మీద హాయిగా మడతపడ్డాయి కాబట్టి పిల్ల ముందుకి జారలేదు. కొత్తది కొనేవాళ్ళు వీపు ఉన్నదే చూసుకోండి, నిద్రలో తల పక్కకి వాలినా బెల్టు భుజం మీదే ఉంటుంది. పిల్లల సీట్ల భద్రతకి ఐక్యరాజ్యసమితి పెట్టిన ఆర్ 129 ప్రమాణం గుర్తు ఉందో లేదో కూడా లేబుల్ మీద చూడండి. క్లిప్ డబ్బా అటు తిప్పి ఇటు తిప్పి చూశాను, దాని మీద అలాంటి గుర్తు ఏదీ లేదు, "ప్రీమియం క్వాలిటీ" అని మాత్రం మూడుచోట్ల ఉంది.

బూస్టర్‌లో ఇబ్బందులు లేవని కాదు. సగం సీటు ఆక్రమిస్తుంది, వెనక ముగ్గురు కూర్చోవాలంటే తన్నుకోవాలి, ప్రతిసారీ బకిల్ వెతుక్కుంటూ వేళ్ళు ఇరుక్కుంటాయి, అటూ ఇటూ మార్చడం చిరాకు. ఎన్నాళ్ళు వాడాలి అంటే వయసు చూడకండి, ఎత్తు చూడండి. సుమారు 145 నుంచి 150 సెంటీమీటర్లు వచ్చేదాకా వాడటం మంచిది. అసలు పరీక్ష ఇంకా తేలిక. వీపు సీటుకి ఆనించి కూర్చుంటే మోకాళ్ళు అంచు దగ్గర మడతపడాలి, కింది బెల్టు తొడల మీద ఉండాలి, పై బెల్టు భుజం మధ్యలో ఉండాలి, ప్రయాణం అయ్యేదాకా అలాగే కూర్చోగలగాలి. ఇందులో ఒక్కటి కుదరకపోయినా బూస్టర్ తీయొద్దు.

ఈ క్లిప్‌ని "పొట్టిగా ఉన్న పెద్దవాళ్ళకీ, గర్భిణులకీ కూడా" అని అమ్ముతున్నారు, అది చూసి ఒళ్ళు మండింది. గర్భిణి బెల్టు పెట్టుకోవాల్సిందే, కానీ కింది బెల్టు పొట్ట కింద నుంచి తుంటి ఎముకల మీదుగా పోవాలి, పై బెల్టు రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా రావాలి. పొట్ట మీదికి వస్తే మాయ (ప్లసెంటా) గర్భసంచి గోడ నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంటుంది, తల్లికి పైన గీత కూడా పడకుండా లోపల బిడ్డ పోవచ్చు. పొట్టిగా ఉన్నవాళ్ళు ముందు డోర్ పక్కన స్తంభం మీద బెల్టు ఎత్తు మార్చే బటన్ ఉందేమో చూడండి, చాలా కార్లలో ఉంటుంది, కొన్న రోజు నుంచి ఒక్కసారి కూడా నొక్కినవాళ్ళు కనపడరు. భుజం బెల్టు ఇబ్బందిగా ఉందని చంక కింద నుంచి పోనిచ్చేవాళ్ళున్నారు, అది సరిగ్గా లివర్ మీదో స్ప్లీన్ మీదో ఉన్న పక్కటెముకల్ని నొక్కుతుంది. పక్క సీటు వెనక్కి వాల్చి పడుకుని బెల్టు పెట్టుకున్నామనుకునేవాళ్ళూ అంతే, ఆ బెల్టు వాళ్ళని పట్టుకోదు, వాళ్ళే దాని కిందకి జారిపోతారు.

ఈ మాట రివ్యూలో ఇమడదు గానీ రాయకుండా ఉండలేను. ప్రమాదం జరిగాక పొట్ట మీద బెల్టు చార కనిపిస్తే, ఎంత చిన్నదైనా, పిల్ల ఆడుకుంటున్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పెద్దవాళ్ళ ఒంట్లో ఐదు లీటర్ల రక్తం ఉంటే అందులో లీటరు పోయినా బీపీ మామూలుగానే చూపించవచ్చు, నాడి వేగం మాత్రం పెరుగుతుంది. కుర్రాళ్ళూ పిల్లలూ ఇంకా ఎక్కువసేపు నెట్టుకొస్తారు, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతారు. చెమటలు, పాలిపోవడం, దాహం, పడుకుంటే ఎడమ భుజంలో ఎందుకో తెలియని నొప్పి, వీటిని గ్యాస్ అనుకోవద్దు. పొట్టలో రక్తం ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం, డయాఫ్రమ్‌కి తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుంది. మొదటి స్కాన్ బాగుందన్నా డాక్టర్లు ఒకటి రెండు రోజులు ఉండమంటే ఉండండి, స్ప్లీన్ లోపలే రక్తం గడ్డకట్టి రెండు రోజుల తర్వాత పగిలే సందర్భాలు ఉన్నాయి. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి అప్పటిదాకా నోట్లో ఏమీ వేయొద్దు, చుట్టూ చేరినవాళ్ళు ముందు చేసేది నీళ్ళు తాగించడమే.

చివరికి మేనకోడలితో రాజీ కుదిరింది. బూస్టర్ అంటే చిన్నపిల్లలది కదా, అందుకని దాన్ని "పైలట్ సీటు" అన్నాను. బోలిన్ గారి కథ కూడా చెప్పాను, విమానంలోంచి ఎగిరే సీటు అనేసరికి కళ్ళు పెద్దవి చేసింది. రెండు వారాలుగా పేచీ లేదు, మూడో వారం సంగతి నేను చెప్పలేను.

క్లిప్ రిటర్న్ పెట్టాను. కారణం ఎంచుకోమంటే సైజు సరిపోలేదు, రంగు నచ్చలేదు, పాడైన వస్తువు వచ్చింది, మనసు మార్చుకున్నాను అని నాలుగే ఉన్నాయి. "ఇతర కారణాలు" నొక్కితే 200 అక్షరాల పెట్టె ఇచ్చింది. అందులో లివర్ దాకా వచ్చేసరికే నిండిపోయింది, మిగతాదంతా ఇక్కడ రాశాను. రిఫండ్ మాత్రం రెండో రోజే వచ్చేసింది, ఆ విషయంలో కంప్లైంట్ లేదు.